ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్లైట్ మారడమేనా..? ఊరు కూడా చూడొచ్చా..? బయటికి వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లొచ్చేవాళ్లలో చాలామందికి ఫ్రాంక్‌ఫర్ట్ పేరు బాగా తెలుసు. అక్కడ ఫ్లైట్ మారామనో, ఆరేడు గంటలు గేటు దగ్గర కూర్చున్నామనో చెబుతుంటారు. 2024 జనవరిలో లుఫ్తాన్సా హైదరాబాద్-ఫ్రాంక్‌ఫర్ట్ డైరెక్ట్ సర్వీస్ మొదలుపెట్టాక ఆ ఎయిర్‌పోర్ట్ మనవాళ్లకు ఇంకా దగ్గరైంది. కానీ అక్కడి నుంచి రైలెక్కితే పావుగంటలో వచ్చే ఊరిని చూసినవాళ్లు మాత్రం తక్కువే. "అక్కడేముంది చూడ్డానికి.. అన్నీ బ్యాంకులే కదా" అనేస్తుంటారు.

బ్యాంకుల ఊరన్న మాట నిజమే. యూరో కరెన్సీని నడిపించే యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్, మన రిజర్వ్ బ్యాంక్ లాంటి బుండెస్‌బ్యాంక్, జర్మనీలో అతిపెద్ద స్టాక్ ఎక్స్చేంజ్.. అన్నీ అక్కడే ఉన్నాయి. మైన్ నది పక్కన వరుసగా ఆకాశహర్మ్యాలు లేవడంతో న్యూయార్క్‌లోని మాన్‌హటన్‌ను గుర్తుచేస్తూ 'మైన్‌హటన్' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. ఇంత పేరున్న సిటీలో జనాభా ఎంతో తెలుసా..? ఏడున్నర లక్షల పైచిలుకు. అంటే జనాభా లెక్కన మన వరంగల్ సైజు ఊరన్నమాట. హైదరాబాద్‌లో చార్మినార్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లాలంటే ట్రాఫిక్‌లో గంట పైనే పడుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాత ఊరి చౌరస్తా నుంచి బ్యాంకుల టవర్ల దాకా పది, పదిహేను నిమిషాలు నడిస్తే చాలు.

అందుకే లేఓవర్‌లో చూసేయడానికి ఇంతకంటే అనువైన పెద్ద సిటీ యూరప్‌లో దొరకడం కష్టం. అలాగని బ్యాగ్ తగిలించుకుని బయటికి వెళ్లిపోదామంటే కుదరదు. ముందు పాస్‌పోర్ట్ సంగతి చూసుకోవాలి.

అమెరికా వీసా ఉంటే సరిపోతుందా..?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎయిర్‌పోర్ట్ లోపలే ఉండి ఫ్లైట్ మారడం ఒక సంగతి. ఇమ్మిగ్రేషన్ దాటి ఊళ్లోకి వెళ్లడం వేరే సంగతి. రెండింటికీ రూల్స్ వేర్వేరు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఎయిర్‌పోర్ట్ దాటాలంటే షెంజెన్ వీసా ఉండాల్సిందే. చేతిలో అమెరికా హెచ్1బీ ఉన్నా, ఎఫ్1 స్టూడెంట్ వీసా ఉన్నా, చివరికి గ్రీన్ కార్డ్ ఉన్నా సరే.. వాటితో జర్మనీలోకి అడుగుపెట్టనివ్వరు. బ్రిటన్ వీసాతోనూ అంతే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు మాత్రం వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండొచ్చు. కాబట్టి ఒకే కుటుంబంలో పిల్లలు బయటికి వెళ్లగలిగి, వాళ్లను చూడ్డానికి వెళ్తున్న అమ్మానాన్నలు ఎయిర్‌పోర్ట్‌లోనే ఉండిపోవాల్సి రావచ్చు. టికెట్ బుక్ చేసేటప్పుడే ఈ విషయం మాట్లాడుకోవడం మంచిది.

ఇంకో మెలిక కూడా ఉంది. షెంజెన్ వీసా సింగిల్ ఎంట్రీదైతే వెళ్లేటప్పుడు ఒకసారి బయటికి వచ్చారంటే ఆ ఎంట్రీ అయిపోయినట్టే. తిరుగు ప్రయాణంలో మళ్లీ ఊరు చూద్దామంటే కుదరదు. రెండుసార్లూ దిగాలనుకుంటే మల్టిపుల్ ఎంట్రీ అడగాలి. అదే ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పారిస్‌కో రోమ్‌కో వెళ్తున్నవాళ్లకైతే ఈ గొడవ లేదు. వాళ్లకు షెంజెన్ ఇమ్మిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది. మధ్యలో టైమ్ ఉంటే అదే వీసాతో ఊరంతా తిరగొచ్చు.

పెద్దవాళ్లకు షెంజెన్ వీసా ఫీజు 90 యూరోలు. సర్వీస్ సెంటర్ ఛార్జీలు అదనం. యూరో అంటే మన డబ్బుల్లో వంద రూపాయలకు అటూఇటూ అనుకోండి. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులంటారు కానీ, కొన్ని కేసుల్లో 45 రోజులూ పట్టొచ్చు. నాలుగు గంటల షికారు కోసం ఇంత తతంగమా అనిపిస్తే ఆ ఆలోచన మానేయడమే నయం. ఎలాగూ యూరప్ టూర్ ఉన్నవాళ్లు, రాత్రి అక్కడ ఆగాల్సి వచ్చేవాళ్లు, ఒకట్రెండు రోజుల బిజినెస్ పని ఉన్నవాళ్లు మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌ను వదిలేయాల్సిన పనిలేదు.

ఎనిమిది గంటల లేఓవర్‌లో చేతికొచ్చేది ఎంత..?

లెక్క చూద్దాం. ఫ్లైట్ దిగి, నడిచి, ఇమ్మిగ్రేషన్ దాటేసరికి గంట అనుకోండి. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్‌లో కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్ల వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. కాబట్టి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు ఫ్లైట్‌కు కనీసం రెండున్నర గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. మళ్లీ పాస్‌పోర్ట్ చెక్, సెక్యూరిటీ చెక్ ఉంటాయి మరి. ఆ ఎయిర్‌పోర్ట్‌లో ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లడమే ఓ ప్రయాణం. రైలుకు రానూపోనూ ఓ గంట తీసేయండి. ఎనిమిది గంటల్లో ఊళ్లో తిరగడానికి మిగిలేది మూడు గంటలు. ఆ మూడు గంటలు చాలు. ఆరు గంటల లేఓవర్ అయితే మాత్రం రిస్క్ చేయకపోవడమే మంచిది.

టెర్మినల్ 1 కిందే రీజనల్ రైల్వే స్టేషన్ ఉంటుంది. ఎస్8, ఎస్9 అనే లోకల్ రైళ్లు అక్కడి నుంచే ఊళ్లోకి వెళ్తాయి. మన ఎంఎంటీఎస్ లాంటివే. కాకపోతే నిమిషాల తేడాతో ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. చాలామంది మెయిన్ స్టేషన్ 'హౌప్ట్‌బాన్‌హోఫ్'లో దిగిపోతారు. టైమ్ తక్కువున్నవాళ్లు అక్కడ దిగకుండా అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్లి 'హౌప్ట్‌వాఖె'లో దిగితే నయం. అది ఊరి నడిబొడ్డు. పాత ఊరు అక్కడి నుంచి ఏడెనిమిది నిమిషాల నడక.

టికెట్ రైలెక్కకముందే కొనాలి. స్టేషన్లో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. అలాగని ఎక్కేస్తే రైల్లో మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు వస్తారు. టికెట్ లేకపోతే 60 యూరోల ఫైన్. టూరిస్టులమని చెప్పినా వినరు. కుటుంబంతో వెళ్తే ఐదుగురి వరకు కలిపి ఒకే గ్రూప్ డే టికెట్ ఉంటుంది. విడివిడిగా కొనడం కన్నా అదే చవక. అయితే మెషీన్‌లో తీసుకునేటప్పుడు ఎయిర్‌పోర్ట్ కూడా కలిసి ఉన్నదే ఎంచుకోవాలి. ఊరి వరకే ఉన్న డే టికెట్ ఎయిర్‌పోర్ట్‌కు పనికిరాదు.

పాత ఊరు.. వయసు పదేళ్లు కూడా లేని ఇళ్లు

ఫ్రాంక్‌ఫర్ట్ ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది రోమర్‌బెర్గ్ చౌరస్తా. ఒకవైపు మెట్లు మెట్లుగా ఉన్న పైకప్పులతో 'రోమర్' అనే టౌన్ హాల్. 1405 నుంచీ ఊరి పాలన అక్కడి నుంచే నడుస్తోంది. దాని ఎదురుగా చెక్క దూలాలు అడ్డంగా, ఐమూలగా బయటికి కనిపించే అందమైన ఇళ్ల వరుస. ఎవరు చూసినా నాలుగైదు వందల ఏళ్ల నాటివే అనుకుంటారు. కానీ ఆ ఇళ్లు 1980ల మొదట్లో కట్టినవి.

ఎందుకలా..? రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 మార్చిలో బ్రిటన్, అమెరికా విమానాలు ఈ ఊరి మీద బాంబుల వాన కురిపించాయి. దాదాపు అంతా చెక్క ఇళ్లే. ఇరుకు సందులు. మంటలు అంటుకుని కొద్ది రోజుల్లోనే మధ్యయుగాల నాటి ఊరు మొత్తం బూడిదైంది. అప్పటి ఫొటోల్లో చుట్టూ మొండి గోడలు, మధ్యలో పెద్ద చర్చి గోపురం ఒక్కటే నిలబడి కనిపిస్తుంది. ఇప్పుడు టూరిస్టులు సెల్ఫీలు దిగే చోటే అది.

యుద్ధం తర్వాత ఇళ్లు, ఆఫీసులు అర్జెంటుగా కావాలి. పాతవి మళ్లీ కట్టే ఓపిక, డబ్బు అప్పట్లో లేవు. చౌరస్తాకీ చర్చికీ మధ్య 1970లలో ఓ పెద్ద కాంక్రీట్ మున్సిపల్ బిల్డింగ్ కట్టారు. జనానికి అది నచ్చలేదు. ఆ తర్వాత దాన్ని కూలగొట్టి, ఆ స్థలంలో 35 ఇళ్లు కట్టి 2018లో తెరిచారు. వాటిలో 15 ఇళ్లు పాత ఫొటోలు, కొలతలు, శిథిలాల్లో దొరికిన రాళ్ల ఆధారంగా అచ్చం పాతవాటిలా కట్టినవి. మిగతా 20 కొత్త డిజైన్లే అయినా పాత సందుల వెడల్పు, పైకప్పుల వాలు తప్పకుండా కట్టారు. ఊరంతా దీన్ని 'కొత్త పాత ఊరు' అనే పిలుస్తుంది.

దీనిపై అక్కడ పెద్ద చర్చే నడిచింది. "ఇది సినిమా సెట్టింగ్, చరిత్ర కాదు" అని కొందరు ఆర్కిటెక్టులు తిట్టిపోశారు. యుద్ధం తెచ్చిపెట్టిన గాయాన్ని అందమైన గోడలతో కప్పేస్తున్నారన్నది వాళ్ల అభ్యంతరం. "మా తాతల ఊరు మాక్కావాలి" అని ఇంకొందరు పట్టుబట్టారు. చూడ్డానికి వెళ్లినవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉంటే ఆ సందుల్లో నడక వేరేగా ఉంటుంది. కొత్త గోడలో అక్కడక్కడా రంగు మాసిన పాత రాళ్లు కనిపిస్తాయి. అవి అప్పటి అసలు రాళ్లు. వాటిని వెతుక్కుంటూ తిరగడం పిల్లలకు కూడా సరదాగా ఉంటుంది.

ఆ ఇళ్లలో 'బంగారు త్రాసు' అని పేరున్న ఇల్లు ఒకటి మర్చిపోకుండా చూడాలి. చర్చి ఎదురుగానే, బాగా నగిషీలు చెక్కి ఉంటుంది. అసలు ఇల్లు 1600ల మొదట్లో కట్టింది ఓ మసాలా దినుసుల వ్యాపారి. తన మతం కారణంగా సొంత ప్రాంతం వదిలి వచ్చినవాడు. మిరియాలు, లవంగాలు అమ్మి ఊళ్లోకెల్లా ఖరీదైన ఇల్లు కట్టుకుంటే స్థానికులు కుళ్లుకున్నారట. బయటివాళ్లు రావడం, వ్యాపారం చేయడం, పైకి రావడం.. ఆ ఊరికి అప్పటి నుంచే అలవాటు. ఇప్పుడైతే ఊళ్లో సగానికి పైగా జనం విదేశీ మూలాలున్నవాళ్లే. లోకల్ రైల్లో పది నిమిషాలు కూర్చుంటే నాలుగైదు భాషలు వినిపిస్తాయి. వాటిలో తెలుగు వినిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

పక్కనే ఉన్న పెద్ద చర్చిని 'కైజర్‌డోమ్' అంటారు. 1562 నుంచి 1792 వరకు పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తుల పట్టాభిషేకాలు ఎక్కువగా ఇక్కడే జరిగాయి. గోపురం 95 మీటర్ల ఎత్తు. పైకెక్కాలంటే మూడు వందలకు పైగా మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచి చూసి వచ్చేయండి. ఇక చౌరస్తాకు రెండడుగుల దూరంలో గుండ్రంగా కనిపించే పౌల్స్‌కిర్ష చర్చికి జర్మన్లు ఇచ్చే గౌరవం వేరు. 1848లో జర్మనీ తొలి జాతీయ పార్లమెంటు సమావేశమైంది అందులోనే.

పేర్ల గోడ

టూర్ ప్యాకేజీల వాళ్లు ఎక్కువగా చూపించని చోటు ఒకటుంది. చర్చి నుంచి పది నిమిషాలు తూర్పుకు నడిస్తే పాత యూదుల శ్మశానం వస్తుంది. దాని ప్రహరీ గోడ బయటివైపు వరుసలు వరుసలుగా చిన్న చిన్న లోహపు దిమ్మెలు బిగించి ఉంటాయి. ఒక్కో దిమ్మె మీద ఒక్కో పేరు. నాజీల కాలంలో ఈ ఊరి నుంచి తీసుకెళ్లి చంపేసిన యూదుల పేర్లు అవి. 11 వేలకు పైగా ఉన్నాయి. వచ్చినవాళ్లు దిమ్మెల మీద చిన్న గులకరాయి పెట్టి వెళ్తారు. అది యూదుల ఆచారం. టికెట్ లేదు, క్యూ లేదు.. రోడ్డు పక్కనే ఉంటుంది.

ఆ పేర్లలో అన్నే ఫ్రాంక్ పేరు కూడా ఉంది. మన దగ్గర స్కూల్ పిల్లలకు కూడా తెలిసిన ఆ డైరీ రాసిన అమ్మాయి పుట్టింది ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే, 1929 జూన్ 12న. హిట్లర్ వచ్చాక ఆ కుటుంబం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిపోయింది. ప్రపంచ బ్యాంకింగ్‌ను కొన్ని తరాల పాటు శాసించిన రోత్‌షైల్డ్ కుటుంబానికి మూలపురుషుడు మేయర్ ఆంషెల్ రోత్‌షైల్డ్ కూడా ఈ చుట్టుపక్కలే 1744లో పుట్టాడు. 1462లో యూదులందరినీ బలవంతంగా ఒకే వీధిలో ఉంచి, రాత్రిపూట గేట్లు వేసేవాళ్లు. ఆ వీధి నుంచి వచ్చినవాడే ఆయన.

ఇంకా తూర్పున నది ఒడ్డున కనిపించే జంట అద్దాల టవర్ యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్. 185 మీటర్ల ఎత్తు, 2015లో అధికారికంగా ప్రారంభమైంది. దాన్ని 1928 నాటి హోల్‌సేల్ కూరగాయల మార్కెట్ షెడ్డుకు ఆనించి కట్టారు. 1941 నుంచి యూదులను రైళ్లు ఎక్కించే ముందు పోగుచేసింది ఆ మార్కెట్ నేలమాళిగలోనే. అందుకే బ్యాంక్ ఆవరణ అంచున, పాత పట్టాల దగ్గర స్మారకం ఏర్పాటు చేశారు. వడ్డీ రేట్ల వార్తల్లో రోజూ చూసే బిల్డింగ్ కింద ఇంత కథ ఉందని చాలామందికి తెలియదు.

యూరో గుర్తు దగ్గర ఫొటో

నీలం రంగులో, చుట్టూ 12 పసుపు నక్షత్రాలతో పెద్ద యూరో గుర్తు ఉంటుంది కదా.. అది సెంట్రల్ బ్యాంక్ ముందుందనుకుని కొందరు అంత దూరం వెళ్లి వెనక్కి వస్తుంటారు. అది ఉన్నది ఊరి మధ్యలో విల్లీ బ్రాంట్ ప్లాట్జ్ దగ్గర, బ్యాంక్ పాత బిల్డింగ్ ముందు. బ్యాంక్ హెడ్ ఆఫీస్ వెళ్లిపోయింది, గుర్తు అక్కడే ఉండిపోయింది. రోమర్ నుంచి ఏడెనిమిది నిమిషాల నడక. స్టాక్ ఎక్స్చేంజ్ ముందున్న ఎద్దు, ఎలుగుబంటి విగ్రహాలు కూడా దగ్గర్లోనే. మార్కెట్ పెరగడానికి ఎద్దు, పడిపోవడానికి ఎలుగు. షేర్లు కొన్నవాళ్లు ఎద్దు కొమ్ములు పట్టుకుని ఫొటో దిగడం మామూలే.

పై నుంచి ఊరు చూడాలంటే 200 మీటర్ల మెయిన్ టవర్ ఉంది. మిగతా బ్యాంకుల బిల్డింగుల్లోకి మామూలు జనాన్ని రానివ్వరు. ఇక్కడ మాత్రం టికెట్ కొనుక్కుని లిఫ్ట్‌లో పైకప్పు మీదికి వెళ్లొచ్చు. జర్మనీలోనే ఎత్తైన 259 మీటర్ల కొమర్జ్‌బ్యాంక్ టవర్ పక్కనే కనిపిస్తుంది. ఇవతల టవర్లు, అవతల నది, మధ్యలో గుప్పెడంత పాత ఊరు. ఊరు ఎంత చిన్నదో అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది. గాలి, వాన ఎక్కువుంటే పైకి వదలరు. అప్పుడు టికెట్ కొనకముందే అడగాలి.

నది దాటితే పుల్లటి వైన్, పచ్చటి సాస్

చౌరస్తా వెనక నుంచి నదికి దిగితే 'ఐజర్నర్ ష్టేగ్' అనే ఇనుప వంతెన వస్తుంది. నడిచేవాళ్లకు మాత్రమే. 1869లో ఊరి జనమే పూనుకుని కట్టించుకున్నారు. కమ్మీలకు ప్రేమికులు కట్టిన తాళాలు వేలకొద్దీ వేలాడుతుంటాయి. టవర్లన్నీ ఒకే ఫ్రేమ్‌లో రావాలంటే దీని మీద నుంచి తీసిన ఫొటోయే బెస్ట్. సాయంత్రం లైట్లు వెలిగాక ఇంకా బాగుంటుంది.

అవతలి ఒడ్డున వరుసగా మ్యూజియాలే. అన్నీ చూడాలంటే వారం కూడా చాలదు. ఒక్కటే చూసే టైమ్ ఉంటే 'ష్టేడెల్' చూడండి. 1815లో ఓ బ్యాంకర్ తన ఆస్తి, బొమ్మల సేకరణ మొత్తం రాసిచ్చేస్తే పుట్టిన మ్యూజియం అది. డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన బొమ్మలు ప్రపంచం మొత్తమ్మీద ముప్పై పైచిలుకే మిగిలాయి. వాటిలో 'జియోగ్రాఫర్' ఇక్కడే ఉంది.

అదే ఒడ్డున సాక్సెన్‌హౌజెన్ అనే పేట ఉంటుంది. యాపిల్ వైన్ హోటళ్లకు ప్రసిద్ధి. స్థానికులు 'ఎబ్బెల్‌వోయ్' అంటారు. బూడిద రంగు మట్టి కూజా మీద నీలం పువ్వులు వేసి ఉంటాయి. అందులో తెచ్చి గళ్ల గాజు గ్లాసులో పోస్తారు. వైన్ అన్నారు కదా అని తియ్యగా ఉంటుందనుకోవద్దు. మొదటి గుక్కకు మొహం ముడుచుకుపోయేంత పులుపు. మందు అలవాటు లేనివాళ్లు యాపిల్ జ్యూస్‌లో సోడా కలిపిన 'ఆఫెల్‌షోర్లె' అడిగితే చాలు.

తిండి విషయానికొస్తే ఊరి పేరుతోనే ఫేమస్ అయిన ఫ్రాంక్‌ఫర్టర్ సాసేజ్ పంది మాంసంతో చేసేది. 'రిండ్స్‌వుర్స్ట్' అంటే బీఫ్. ఇవి తిననివాళ్లు కౌంటర్ దగ్గర ఒకటికి రెండుసార్లు అడగాలి. శాకాహారులకు, కనీసం గుడ్డు తినేవాళ్లకు ఇక్కడ మంచి స్థానిక వంటకమే ఉంది. దాని పేరు 'గ్రూనె జోసె', అంటే పచ్చ సాస్. ఏడు రకాల ఆకులు సన్నగా తరిగి పెరుగు లాంటి పుల్లటి క్రీమ్‌లో కలుపుతారు. చల్లగా, ఉడకబెట్టిన గుడ్లు, బంగాళదుంపలతో ఇస్తారు. ఆ ఆకుల్లో ఒకటి మన చుక్కకూరకు చుట్టమే. రుచి కూడా దాదాపు అలాగే పుల్లగా తగులుతుంది. జర్మనీ తిండి అంటే భయపడేవాళ్లకు ఇది నచ్చే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం చవకగా తినాలంటే పాత ఊరికి దగ్గర్లోని 'క్లైన్‌మార్క్ట్‌హాలె' అనే కప్పున్న మార్కెట్‌కు వెళ్లొచ్చు. కూరగాయలు, చీజ్, మసాలాలు, నిలబడి తినే కౌంటర్లు.. అన్నీ ఒకే కప్పు కింద.

స్టేషన్ దగ్గర రూమ్ తీసుకోవచ్చా..?

హోటల్ యాప్‌లలో మెయిన్ స్టేషన్ దగ్గర రూములు చవకగా కనిపిస్తాయి. స్టేషన్ ఎదురుగా ఉన్న పేటను 'బాన్‌హోఫ్స్‌ఫియెర్టెల్' అంటారు. రెడ్‌లైట్ ఏరియా అదే. రోడ్డు మీదే డ్రగ్స్ తీసుకుంటూ పడి ఉన్నవాళ్లు కనిపిస్తారు. వాళ్లను జైళ్లలో వేసినా ఫలితం లేకపోవడంతో 1990ల నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వేరే పద్ధతి పట్టింది. నర్సుల పర్యవేక్షణలో డ్రగ్స్ తీసుకునే గదులు, చికిత్స సెంటర్లు తెరిచింది. చావులు తగ్గాయని సమర్థించేవాళ్లున్నారు, ఆ పేట మాత్రం బాగుపడలేదని తిట్టేవాళ్లూ ఉన్నారు.

విచిత్రమేంటంటే మనవాళ్లకు కావాల్సిన ఇండియన్ సరుకుల షాపులు, రెస్టారెంట్లు కూడా ఈ పేటలోనే ఉన్నాయి. టర్కీ, అఫ్గాన్, ఇథియోపియా హోటళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. పగటిపూట వెళ్లి తిని, కొనుక్కుని రావడానికి భయమేమీ లేదు. ఫోన్, పర్సు జాగ్రత్త. చిన్నపిల్లలతోనో, పెద్దవాళ్లతోనో ఉన్నవాళ్లు, అర్ధరాత్రి దిగేవాళ్లు మాత్రం ఆ పది యూరోల తేడా చూసుకోకుండా నది అవతలో, పాత ఊరి దగ్గరో రూమ్ తీసుకోవడం మేలు.

ఆదివారం, సోమవారం, ఎగ్జిబిషన్ రోజులు

ఇది ముఖ్యం. జర్మనీలో ఆదివారం షాపులు మూత. సూపర్ మార్కెట్లు, బట్టల షాపులు, పైన చెప్పిన మార్కెట్.. ఏవీ తెరవరు. స్టేషన్లో, ఎయిర్‌పోర్ట్‌లో ఉండే షాపులు, హోటళ్లు మాత్రం ఉంటాయి. షాపింగ్ చేద్దామని ఆదివారం దిగితే అద్దాల్లోంచి చూసి రావడమే. సోమవారం వెళ్తే షాపులుంటాయి కానీ మ్యూజియాలు చాలావరకు మూత. రెండూ కావాలంటే మంగళవారం నుంచి శనివారం లోపు చూసుకోవాలి.

రూమ్ రేట్లు అయితే ఎగ్జిబిషన్ల మీద ఆధారపడి ఉంటాయి. ప్రపంచంలోనే అతిపెద్ద పుస్తకాల ప్రదర్శన ఏటా అక్టోబర్‌లో ఇక్కడే జరుగుతుంది. 1986లో, 2006లో మన దేశమే దానికి గౌరవ అతిథి. జనవరిలో జరిగే హోమ్ టెక్స్‌టైల్స్ ఎగ్జిబిషన్ 'హైమ్‌టెక్స్‌టీల్'కు ఇండియా నుంచి చాలా కంపెనీలు వెళ్తాయి. ఇలాంటి రోజుల్లో రూమ్ రేటు రెండు మూడింతలైపోతుంది. అదే హోటల్లో ఎగ్జిబిషన్ లేని శని, ఆదివారాల్లో సూటు బూటు వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు కాబట్టి రేటు పడిపోతుంది. డేట్లు మార్చుకునే వీలుంటే ఎగ్జిబిషన్ క్యాలెండర్ చూసి బుక్ చేసుకోండి. డిసెంబర్‌లో వెళ్లేవాళ్లకు రోమర్‌బెర్గ్‌లో జరిగే క్రిస్మస్ బజార్ బోనస్.

చిన్న విషయాలు కొన్ని. పబ్లిక్ టాయిలెట్లకు చిల్లర పెట్టుకోవాలి. కార్డు తీసుకోని చిన్న హోటళ్లు ఇంకా ఉన్నాయి, కాబట్టి ఇరవై, ముప్పై యూరోలు చేతిలో ఉండాలి. వాటర్ బాటిల్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ పడుతుంది. ఖాళీ బాటిల్‌ను సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేస్తే తిరిగొస్తుంది. కుళాయి నీళ్లు తాగొచ్చు.

ఇక బుకింగ్ చేసేటప్పుడు పేరు విషయంలో జాగ్రత్త. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండున్నాయి. రెండోది పోలండ్ సరిహద్దులో ఓడర్ నది మీద ఉన్న చిన్న ఊరు. ఇక్కడికీ అక్కడికీ వందల కిలోమీటర్లు. అలాగే చవక విమానాల సైట్లలో కనిపించే 'ఫ్రాంక్‌ఫర్ట్-హాన్' ఎయిర్‌పోర్ట్ పేరుకే ఫ్రాంక్‌ఫర్ట్, ఊరికి వంద కిలోమీటర్ల పైనే దూరం. లోకల్ రైలు కూడా లేదు, బస్సులో రావాల్సిందే. హోటల్ అయినా, రైలు అయినా పేరు పక్కన 'మైన్' అని ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.